పప్పు ఉంది, జీడి లేదు

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా కొత్త దుకాణంలో
ఫ్రిజ్జు తలుపు తెరిచి నిలబడిపోయాను.
"తీసి మూసియ్యమ్మా, సల్లదనం పోతాది" అన్నాడు కుర్రాడు.
లోపల మూడు రకాల తెలుపు.
ఏది తియ్యాలో తేలక నేను,
నా వెనక పెరుగుతున్న లైను.

నీలం ప్యాకెట్టు తెలిసిందే.
తెల్లారకముందే వ్యాను దించిపోయే నీలం.
ఎన్ని ఊళ్ల గేదెలో, ఏం మేశాయో, ఏ సూది పడిందో,
అన్నీ ఒక్క ట్యాంకులో కలిసి
ఎవరి రుచీ మిగలని పాలు.
అయినా దాన్ని ఒక్క మాట అనలేను.
దాలినాయుడి పశువులశాల ముందు
మా అమ్మ చెంబు కింద పెట్టి, నాలుగడుగులు వెనక్కెళ్లి
పైనుంచి పడే ధార కోసం చూసేది.
ప్యాకెట్టు వచ్చాకే
మా ఇంటి పాలు
ఎత్తు నుంచి పడడం మానేశాయి.

పక్కన గాజు సీసా.
మెడకి జనపనార తాడు, తాడుకి చీటీ:
మందు కొట్టని గడ్డి, సూది ఎరగని ఆవు.
మందస వైపు కూర్మారావు గారి పాలు.
ఆయన అబద్ధమాడడు, తెలుసు.
ఆవుల్ని పేరు పెట్టి పిలుస్తాడు, దూడ తాగాకే పితుకుతాడు,
సీసా తిరిగిస్తే పది రూపాయలు వాపసు.
మా అత్తయితే కళ్లకద్దుకుని తీసుకునేది.
కానీ శ్రీకాకుళం డాక్టరు రాసిన కాగితం
నా గుప్పిట్లో నలుగుతోంది.
ఆవైనా, గేదైనా,
మందున్నా, లేకపోయినా,
మా బుడ్డోడికి పాలే పడవు.
గుక్కెడు తాగితే పెదాలు ఉబ్బుతాయి,
ఒళ్లంతా దద్దుర్లు.
"పాలు పడకపోడవేటే? ఎవుల దిష్టో తగిలుంటాది"
అంటుంది అత్త, ఇప్పటికీ.

మూడోది అట్టడబ్బా.
జీడిపప్పు పాలు, ఒక లీటరు.
ధర రెండుసార్లు చదివాను.
డబ్బా తిప్పి బొమ్మ చూశాను.
నున్నటి పప్పు, నెలవంకలా,
చుట్టూ ఆకులు, ఎగురుతున్న చుక్కలు.
పప్పు ఉంది. జీడి లేదు.
పన్నెండేళ్లుగా బట్టీ పక్కన కూచుని
ఆ పప్పుని పిక్కలోంచి విడిపిస్తున్నదాన్ని,
జీడి ఎక్కడికి పోయిందో నన్నడగండి.
బూడిద రాసుకున్నా, ఆముదం పూసుకున్నా
వేళ్ల సందుల్లో నల్లగా ఉంది.
వేలిముద్ర మిషను నన్ను గుర్తుపట్టక
రెండు నెలలు రేషన్ బియ్యం ఆగాయి.
గుండు ఒక గంప, బద్ద ఒక గంప, ముక్క, నూక,
అన్నీ ఏరి, తూచి, అప్పగించి
సాయంత్రం గేటు దగ్గర కొంగు దులిపి
ఏమీ లేదని చూపించి బయటికొస్తాం.

ఫ్రిజ్జు తలుపు మూశాను.
ఏమీ కొనకుండా వచ్చేశానంటే బాగుండేది.
నీలం ప్యాకెట్టు ఒకటి కొన్నాను, అత్త టీకి.
ఆవిడ చేత నల్ల టీ తాగించే ధైర్యం నాకు లేదు.

మర్నాడు మేస్త్రీ నీలాచలాన్ని అడిగాను,
కూలిలో పట్టుకో, నూక అరకిలో ఇయ్యి.
"పాయసానికా?"
"పాలకి."
"జీడిపిక్కకి పొదుగెక్కడుందే!"
నవ్వుతూనే తూచాడు.
నవ్వుతూనే కూలిలో పట్టుకున్నాడు.
కొసరు వెయ్యలేదు.

రాత్రంతా నానింది.
రుబ్బి, పాత పంచె గుడ్డలో పోసి పిండితే
నల్లటి వేళ్ల సందుల్లోంచి
తెల్లగా దిగింది.
పప్పు నా చేతుల్ని కాల్చకపోవడం అదే మొదలు.
అత్త ఓరగా చూసింది.
"మీగడ కడతాదేటి?"
"కట్టదు."
"తోడుకుంటాదేటి?"
"ఏమో."
"మరి పాలని ఎలాగంతావు?"
నేను జవాబు వెతుక్కునేలోపు
వాడు గ్లాసెత్తి తాగేశాడు.

అరగంట సేపు
మేమిద్దరం వాడి పెదాలే చూస్తూ కూచున్నాం.
వీధిలో వ్యాను వచ్చింది, పోయింది.
వాడు మూతి తుడుచుకుని చెప్పులు వెతుక్కున్నాడు.
ఉబ్బలేదు.

అత్త ఏమీ అనలేదు.
గుడ్డలో మిగిలిన పిప్పి చిటికెడు తీసి
నోట్లో వేసుకుంది.
"సప్పగా ఉందే," అంది కాసేపాగి,
"రేపు రవ్వంత బెల్లమెయ్యి."